జాబితాలో లేని కూడలి

"మా కూడలికి సిగ్నల్ రావాలంటే ఎంతమంది పోవాలి? ఆ సంఖ్య ఒక్కటి చెప్పండి, వెళ్ళిపోతాను."

ప్రజాభిప్రాయ సభలో మైకు దగ్గర నిలబడిన అమ్మాయి గొంతు పెంచలేదు. అందుకేనేమో, వెనక వరుసల్లో కునికిపాట్లు పడుతున్నవాళ్ళు కూడా తలెత్తి చూశారు.

వేదిక మీద చివరి కుర్చీలో, ల్యాప్‌టాప్ వెనక కూర్చున్న అతను గొంతు సవరించుకున్నాడు. ప్రాంతీయ రవాణా ప్రణాళిక కార్యాలయంలో ప్లానర్ అతను. వచ్చే ఏడు ఏ రోడ్డుకు ముందు నిధులివ్వాలో మార్కులు వేసి వరస కట్టడం అతని పని. టైమెంతయిందని అడిగినా సెకన్లతో సహా చెబుతాడని తోటి ఉద్యోగులు 'దశాంశం' అని పేరు పెట్టారు.

"మేడమ్, ఆసుపత్రి కూడలికి పద్నాలుగు పాయింట్ ఆరు మార్కులు వచ్చాయి. అంటే పంతొమ్మిదో స్థానం. నిధులు తొమ్మిదో స్థానం దాకానే సరిపోతాయి. ఐదేళ్ళ పోలీసు రికార్డులో అక్కడ మరణాలు లేవు కాబట్టి..."

"లేవు. ఎందుకంటే రోడ్డు మీద పడ్డవాళ్ళని పోనివ్వకుండా ఎదురుగా మా ఆసుపత్రి ఉంది. పడ్డ వెంటనే లోపలికి మోసుకొస్తారు. మూడు నెలల తర్వాత వాళ్ళకి మళ్ళీ నడక నేర్పించేది నేను. మీ మార్కుల్లో వాళ్ళెక్కడున్నారు?"

ఆమె అక్కడ ఫిజియోథెరపిస్టు. అతను స్క్రీన్ వంక చూశాడు. స్క్రీన్ మీద వాళ్ళు లేరు.

సభ అయ్యాక మెట్ల దగ్గర ఆమెను అందుకున్నాడు. బయట వాన పట్టింది. గొడుగు విప్పబోతూ ఆమె ఆగింది.

"మీరు అన్నది తప్పు కాదండి. కానీ నేను వేసింది కూడా తప్పు మార్కులు కావు."

"మీరు ఆ రోడ్డు ఎప్పుడైనా దాటారా?"

"మ్యాపులో చాలాసార్లు."

ఆమెకు నవ్వొచ్చింది, కానీ బయటపడనివ్వలేదు. "రేపు ఉదయం ఏడింటికి రండి. ఈసారి కాళ్ళతో దాటండి."

గొడుగు విప్పుకుని వానలోకి వెళ్ళిపోయింది. అతను మాత్రం చేతిలో గొడుగు ఉండి కూడా తడుస్తూ బస్సు దాకా నడిచాడు. ఆ విషయం అతనికి బస్సెక్కాక తెలిసింది.

*

మర్నాడు ఏడుకు ఐదు నిమిషాల ముందే వచ్చాడు.

ఒక పక్క ఆసుపత్రి గేటు, అవతలి పక్క బస్టాపు, మధ్యలో ఆరు వరసల రోడ్డు. తెల్ల గీతలు ఎప్పుడో వేసినవి, సగం చెరిగిపోయాయి. దగ్గర్లో ఉన్న సిగ్నల్‌కు వెళ్ళాలంటే ముప్పావు కిలోమీటరు నడవాలి. చేతికర్రతో వచ్చే రోగి అంత దూరం నడవగలిగితే అసలు ఆసుపత్రికే రాడు.

అతను చేతిలో చిన్న మీట ఉన్న లెక్కింపు యంత్రం పట్టుకున్నాడు. ఒక మనిషి దాటితే ఒక నొక్కు. నొక్కుతూ, ఆ అంకెలే చూసుకుంటూ రోడ్డు మీదకు రెండడుగులు వేశాడు.

వెనక నుంచి సంచి పట్టీ గట్టిగా లాగినట్టయింది. లారీ అతని మోచేతి పక్క నుంచి పోయింది. హారన్ మోత పోయిన తర్వాత కూడా చెవుల్లో మిగిలింది. కాగితాలు నీటి గుంటలో పడ్డాయి.

పట్టీ ఇంకా ఆమె గుప్పిట్లోనే ఉంది.

"ఇది మీ లెక్కలోకి వస్తుందా?" అంది.

"రాదండి. తగిలితేనే వస్తుంది."

ఆ మాట అన్నాక, అన్నది తన నోరేనని అతనికి స్పృహ కలిగింది. వంగి కాగితాలు ఏరుకున్నాడు. అవతలికి దాటడానికి నాలుగు నిమిషాల నలభై సెకన్లు పట్టింది.

ఐదు రోజులు లెక్కపెట్టారు. ఉదయం రెండు గంటలు, డ్యూటీ అయ్యాక సాయంత్రం రెండు గంటలు. మనుషుల లెక్క అతనిది, త్రుటిలో తప్పిన ప్రమాదాల లెక్క ఆమెది. గీతలు గీసే పుస్తకాలు పక్కపక్కనే పెట్టుకునేవాళ్ళు.

"మీ గీతలు ఇంత తిన్నగా ఎలా వస్తాయండీ? నిలబడి కూడా స్కేలు పెట్టుకుంటారా?"

"మీవి వంకరగా ఉన్నాయి కదా. రెండూ కలిస్తే సగటు బాగుంటుంది."

"దశాంశం గారికి జోకులు కూడా వచ్చన్నమాట."

"ఆ పేరు మీకెవరు చెప్పారు?"

"మీ ఆఫీసు సెక్యూరిటీ. మొన్న మీ గది ఎటని అడిగితే, దశాంశం గారా, రెండో అంతస్తు, ఎడమ చేతి వైపు అన్నాడు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆమె రోడ్డు వైపు తిరిగింది, నవ్వు కనపడకుండా.

మూడో రోజు ఆమె తండ్రి వచ్చాడు. రిటైరైన బస్సు డ్రైవర్. చేతికర్ర పట్టుకుని కుడికాలు కాస్త ఈడుస్తూ నడుస్తాడు. ప్లానర్‌ను తల నుంచి కాలి దాకా, పాత బస్సును మెకానిక్ చూసినట్టు చూశాడు.

"లెక్కలు రాసేది నువ్వేనా బాబూ?"

"అవునండి."

"ముప్పై రెండేళ్ళు బస్సు నడిపాను. కోడిపిల్లను కూడా గుద్దలేదు. దిగి నడవడం మొదలుపెట్టిన మూడో నెలలో, ఇదిగో ఇక్కడే, నన్ను గుద్దారు. నా పేరు నీ లెక్కలో ఉందా?"

"పోలీసు ఫిర్యాదు ఇచ్చారా?"

"ఎవరు గుద్దారో చూస్తే కదా ఇవ్వడానికి."

"అయితే లేరండి."

"నాన్నా, ఆయన నిజం చెబుతున్నారు," అంది కూతురు.

"నిజమేలేమ్మా. అందుకే కోపం రావడం లేదు, భయం వేస్తోంది," అన్నాడు డ్రైవర్.

ఆ సాయంత్రమే ప్లానర్ ఒక దారి చెప్పాడు. పోలీసు రికార్డులో లేని గాయాలను ఆసుపత్రి రికార్డుతో రుజువు చేయగలిగితే, ఏదో ఒక నిబంధన కింద ప్రయత్నించవచ్చు. అయితే రోగుల వివరాలు బయటికివ్వాలంటే ఒక్కొక్కరి సంతకం కావాలి. బోర్డు సమావేశానికి మూడు వారాలే ఉంది.

ఆ కూడలిలో దెబ్బతిని మూడేళ్ళలో ఆమె దగ్గరికొచ్చినవాళ్ళు ముప్పై ఏడుగురు. డ్యూటీ తర్వాత బస్సులు మారుతూ ఇల్లిల్లూ తిరిగింది. ఇద్దరు ఊరు మారిపోయారు. నలుగురు ఆ రోజు మళ్ళీ గుర్తు చేసుకోలేమన్నారు, ఆమె బలవంతపెట్టలేదు. ముప్పై ఒక్క మంది సంతకం పెట్టారు.

ఆ సంతకాలకు తన దరఖాస్తు జతచేసి, తర్వాతి శనివారం ఆసుపత్రి క్యాంటీన్‌లో ఆ ఫైలు అతని ముందు పెట్టింది. అతను ఒక్కో కాగితం తిప్పాడు. చివరి కాగితం దగ్గర చాలాసేపు ఆగాడు.

"ఏమైంది? ఏదైనా తక్కువైందా?"

"తక్కువేం కాలేదు." టీ కప్పును సాసర్ మీద ఒకసారి తిప్పి పెట్టాడు. "ఇంకో మాట ఉందండి."

"చెప్పండి."

అతను ఆమె కళ్ళలోకి చూశాడు. మరీ ఎక్కువసేపు చూశానని తోచిందేమో, చటుక్కున ఫైలు మూసి లేచాడు.

"సోమవారం చెబుతాను."

చల్లకొచ్చి ముంత దాచినట్టు ఏమిటీ మనిషి అనుకుంది ఆమె. అయినా ఆ ఆదివారం ఎందుకో చాలా పొడుగ్గా గడిచింది.

*

సోమవారం కార్యాలయం నోటీసు బోర్డులో సవరించిన జాబితా పెట్టారు.

ఆమె ముందు పై నుంచి చదివింది. మొదటి తొమ్మిదిలో లేదు. సరే. పంతొమ్మిది దగ్గరికొచ్చింది. అక్కడ ఏదో కొత్త బైపాస్ పేరుంది. ఇరవై, ముప్పై, నలభై రెండు. చివరిదాకా రెండుసార్లు చూసింది. ఆసుపత్రి కూడలి ఎక్కడా లేదు.

ఫోన్ చేసింది. అవతల తీయలేదు. మళ్ళీ చేసింది. చేస్తుండగానే అతను మెట్లు దిగుతూ కనిపించాడు, చేతిలో మోగుతున్న ఫోన్‌తో.

"ఇదేంటండీ? పంతొమ్మిదోది కూడా ఉంచలేదే?"

అతని మొహం పాలిపోయింది. "క్షమించండి. ఈ విషయం నేను మీతో మాట్లాడకూడదు."

"మాట్లాడకూడదా? మాట్లాడించింది మీరు. సంతకాలు తెమ్మంది మీరు. సోమవారం చెబుతానన్నది ఇదేనా?"

"నిర్ణయం వచ్చేదాకా... దయచేసి." అంతే, వెనక్కి తిరిగి పైకి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఆమెకు పని మీద చెయ్యాడలేదు. మోకాలు వంచడం నేర్చుకుంటున్న పెద్దావిడ అడిగింది, "నా కాగితం పనికొచ్చిందా తల్లీ?" అని. ఆవిడ కుడిచెయ్యి ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. మూడుసార్లు ప్రయత్నించి ఆ సంతకం పెట్టింది.

"చూస్తున్నారమ్మా," అంది. అబద్ధం చెప్పి, ఆవిడ మొహం చూడలేక మోకాలి వైపు వంగింది.

తొమ్మిది రోజులు. మధ్యలో ఒకసారి బస్టాపులో అతను కనిపించాడు. ఆమెను చూసి తనెక్కాల్సిన బస్సును వదిలేసి స్తంభం వెనక్కి జరిగాడు. తప్పు చేసినవాడే మొహం చాటేస్తాడు. ఆమె అలాగే అనుకుంది. అలా అనుకుంటే కోపం రావాలి. కోపంతో పాటు కళ్ళలో నీళ్ళెందుకు వచ్చాయో ఆమెకే అర్థం కాలేదు.

ఆ వారం చివర్లో ఉత్తరం వచ్చింది. గురువారం ఉదయం పదకొండింటికి బోర్డు సమావేశం, ఏడో అంశం, దరఖాస్తుదారు హాజరు కావచ్చు.

"తీసేసిన దానికి మళ్ళీ పిలుపెందుకు నాన్నా? కుదరదని మొహం మీద చెప్పడానికా?"

తండ్రి ఉత్తరాన్ని దూరంగా పట్టుకుని చదివాడు. "కుదరదని చెప్పడానికైతే ఉత్తరం చాలుగా. మనిషిని పిలిచారంటే ఏదో ఉంది. నేనూ వస్తాను."

*

బోర్డు గదిలో చైర్‌పర్సన్‌తో కలిపి పదకొండు మంది సభ్యులు. ప్లానర్ అందరికంటే వెనక, తలుపు దగ్గర కూర్చున్నాడు. ఆమె అటు చూడలేదు. చూడకుండా ఉండటానికి మెడ నొప్పి పుట్టేంత కష్టపడింది.

"ఏడో అంశం," అంది చైర్‌పర్సన్. "ఆసుపత్రి కూడలి. వీధి భద్రతా నిధి కింద వచ్చిన ప్రతిపాదన."

ఆమె తండ్రి వైపు చూసింది. ఏ నిధి?

నెరిసిన జుట్టు సీనియర్ అధికారిణి లేచి వివరించింది. పెద్ద రోడ్ల జాబితాకు పోలీసు రికార్డే ఆధారం. వీధి భద్రతా నిధి వేరు, దానికి ఆసుపత్రి రికార్డు కూడా చెల్లుతుంది. కానీ ఒకే పని రెండు చోట్లా ఉండకూడదు. అందుకే అక్కడ తీసేసి ఇక్కడ పెట్టాం. "సంతకాలతో కూడిన ముప్పై ఒక్క గాయాలున్నాయి. ఈ నిధికి వచ్చిన దరఖాస్తుల్లో ఇదే మొదటి స్థానంలో ఉంది."

ఆమెకు తొమ్మిది రోజుల కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"చర్చకు ముందు ఒక అధికారి ఇచ్చిన ప్రకటన రికార్డు కోసం చదవాలి," అంటూ చైర్‌పర్సన్ కాగితం అందుకుంది. "'ఈ ఫైలు మీద మార్కులు వేయడానికి నేను తగను. దరఖాస్తు చేసినవారితో నాకు వ్యక్తిగత సంబంధం ఉంది. కాబట్టి ఫైలును వేరొకరికి అప్పగిస్తున్నాను. నిర్ణయం వెలువడేదాకా ఆమెతో మాట్లాడనని హామీ ఇస్తున్నాను.'"

గది అంతా వెనక్కి తిరిగింది. తర్వాత ఆమె వైపు తిరిగింది.

డ్రైవర్ కూతురి చెవి దగ్గరికి వంగాడు. "సంబంధమా? ఎప్పుడు కుదిరింది?"

"నాన్నా, ఊరుకో."

"ఎలా ఊరుకుంటాను? పిల్ల తండ్రిని నేను."

బల్లకు ఆ చివర కూర్చున్న సభ్యుడు కళ్ళజోడు సర్దుకున్నాడు. కొత్త పైవంతెన కోసం రెండేళ్ళుగా పట్టుబడుతున్న మనిషి ఆయన. ఏడాది చివర ఖర్చు కాని భద్రతా నిధి పెద్ద రోడ్ల ఖాతాలో కలిసిపోతుందని ఆయనకు బాగా తెలుసు.

"ఏ రకం సంబంధం? బంధుత్వమా, వ్యాపారమా? ఫారంలో గడి ఖాళీగా వదిలేశారే."

ప్లానర్ లేచి నిలబడ్డాడు. "రెండూ కాదండి. నాకు సరిపోయే గడి అందులో లేదు."

"మరేమిటో చెప్పండి. రికార్డులో ఉండాలి."

అతను కాసేపు నీళ్ళు నమిలాడు. తర్వాత, చెప్పక తప్పదని తెలిసినవాడిలా, ఒక్కో మాటా పేర్చుకుంటూ చెప్పాడు.

"ఐదు రోజులు పక్కపక్కన నిలబడి మనుషుల్ని లెక్కపెట్టాం. చివరి రోజు సాయంత్రానికి నేను రోడ్డు కంటే ఆమెనే ఎక్కువ చూస్తున్నానని నాకు అర్థమైంది. ఫైలు తీసుకుని మార్కులు వేయబోతే చెయ్యి పైకే పోతోంది. అది గాయాలను బట్టా, నా మనసును బట్టా అన్నది తేల్చుకోలేకపోయాను. అలాంటివాడు మార్కులు వేయకూడదు."

"ఆ అమ్మాయికి తెలుసా ఈ సంగతి?"

"తెలియదండి. ప్రస్తుతానికి వన్‌వే."

గదిలో నవ్వు లేచింది. చైర్‌పర్సన్ కూడా కాగితం అడ్డం పెట్టుకుంది. ఆమె మాత్రం నవ్వలేదు. స్తంభం వెనక్కి జరిగిన మనిషి మళ్ళీ కళ్ళ ముందు మెదిలాడు. ఈసారి వేరేగా.

"నవ్వులాట కాదు," అన్నాడు పైవంతెన సభ్యుడు. ఆ గొంతుకు నవ్వులు ఆరిపోయాయి. "మొదటి లెక్కలన్నీ ఈయన తీసినవే. ఆయన నోటితోనే పక్షపాతం ఉందన్నాడు. ఈ ఫైలు మీద మచ్చ పడింది. మొత్తం మళ్ళీ చేయించి, వచ్చే ఏడు చూద్దాం. వాయిదాకు ప్రతిపాదిస్తున్నాను."

ఇద్దరు ముగ్గురు తలలూపారు. అతను తలుపు దగ్గర రాయిలా నిలబడిపోయాడు. నా నిజాయితీతోనే ఫైలును ముంచానా అన్న ప్రశ్న అతని మొహంలో కనిపించింది. ఇప్పుడు ఆమె అతన్ని సూటిగా చూసింది. చూసి, లేచి నిలబడింది.

"నేను మాట్లాడవచ్చా?"

"రెండు నిమిషాలు," అంది చైర్‌పర్సన్.

"ఆయన చెప్పింది నాకు మీతో పాటే తెలిసింది. దాని సంగతి నేను తర్వాత తేల్చుకుంటాను." వెనక ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. "కానీ ముప్పై ఒక్క మంది విరిగిన ఎముకలకి ఆయనతో ఏ సంబంధమూ లేదు. అవి ఆయన రాకముందే విరిగాయి. వాళ్ళలో ఒకావిడ చెయ్యి లేవక మూడుసార్లు ప్రయత్నించి సంతకం పెట్టారు. వచ్చే ఏడు మళ్ళీ పెట్టండమ్మా అని నేను అడగలేను. మీకు లెక్క మీద అనుమానముంటే బస్సెక్కండి, పావుగంట దూరం. మీరే ఒకసారి రోడ్డు దాటి రండి. మేం ఇక్కడే కూర్చుంటాం."

ఎవరూ కదల్లేదు. డ్రైవర్ కర్ర ఊతంగా లేచాడు.

"ఒక్క మాటండి. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకునేవాళ్ళని చూశాను. ఈ అబ్బాయి ఎవరూ అడక్కముందే వచ్చి చెప్పాడు. దాన్ని మచ్చంటే ఇకమీదట మీ ఆఫీసులో ఎవడూ నిజం చెప్పడు."

సీనియర్ అధికారిణి చెయ్యెత్తింది. "మరో విషయం. ఫైలు నా చేతికొచ్చాక మా ఇద్దరు ఉద్యోగులతో అక్కడ మళ్ళీ లెక్క తీయించాను. రెండు లెక్కలకీ తేడా నలుగురు మనుషులు. అదీ మా లెక్కే ఎక్కువ."

చైర్‌పర్సన్ ఓటింగుకు పెట్టింది. నిధులివ్వాలన్నవాళ్ళు చేతులెత్తారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. అక్కడ ఆగింది. వాయిదా వేయాలన్నవాళ్ళు ఎత్తారు. ఐదు.

ఆమె తండ్రి చెయ్యి పట్టుకుంది. చైర్‌పర్సన్ ముందున్న సంతకాల కాగితాలు ఒక్కొక్కటే తిప్పి, ఒక దగ్గర ఆగి, కళ్ళజోడు తీసింది.

"నా చెయ్యి కూడా ఎత్తినట్టే రాసుకోండి. నిధులు మంజూరు."

*

వసారాలో, మంచినీళ్ళ కుళాయి పక్కన నిలబడి ఉన్నాడు అతను. ఆమె తిన్నగా అతని దగ్గరికే వెళ్ళింది.

"ఇప్పుడు మాట్లాడొచ్చా?"

"మూడున్నర నిమిషాల నుంచీ మాట్లాడొచ్చు."

"స్తంభం వెనక దాక్కున్నారు. బస్సు వదిలేసి మరీ."

"ఆ బస్సే కాదు, తర్వాతి రెండు కూడా వదిలేశాను. మీరు వెళ్ళేదాకా కదల్లేకపోయాను."

"ఒక్క మాట ముందే చెప్పి ఉంటే ఏం పోయేది?"

"చెబితే మీరు అవునన్నా ఫైలుకి చేటే, కాదన్నా చేటే. పోనీ తర్వాత చెబుదామనుకుంటే, మార్కులు వేయాల్సింది ముందే."

ఆమె కళ్ళు తడిశాయి, కోపం మాత్రం తగ్గలేదు. "మీ నిజాయితీ మీకు బాగానే ఉంది. పేషెంట్ల మొహం చూడలేక చచ్చింది నేను. తొమ్మిది రోజులు మిమ్మల్ని తిట్టుకుంటూ తిరిగాను."

"తిట్టాల్సిందే. మీకు ఆ బాధ తప్పించే దారి వెతకాల్సింది, తట్టలేదు. అది నా తప్పు."

నీళ్ళు నమలకుండా ఒప్పుకున్నాడు. ఆమెకు అదే నచ్చింది. అందుకే ఇంకాస్త కోపం వచ్చింది.

"నన్ను ఇప్పుడు జవాబు అడక్కండి."

"అడగను. కావాలంటే ఆ కూడలి పని అయ్యేదాకా ఆగుతాను."

కర్ర చప్పుడు చేస్తూ డ్రైవర్ వచ్చాడు. "గవర్నమెంటు పని అయ్యేసరికి మీకు నా వయసొస్తుంది బాబూ. ఆదివారం ఇంటికి రా. సంబంధం అని రికార్డులో రాసేశాక పెద్దవాళ్ళు కూర్చుని మాట్లాడుకోవద్దూ?"

ఆ ఆదివారం వచ్చాడు. తర్వాతి ఆదివారమూ వచ్చాడు. ఆ కూడలి ఫైలు జోలికి ఇక పోకూడదని అతన్ని బస్సు వేళల విభాగానికి మార్చారు. దాంతో డ్రైవర్‌కు మాట్లాడటానికి కొండంత విషయం దొరికింది. ఏ బస్సు ఎక్కడ ఎందుకు ఆలస్యమవుతుందో మామ చెబుతుంటే అల్లుడు రాసుకుంటున్నట్టే ఉందని ఆమె తల్లి వంటింట్లోంచి నవ్వేది. ఆమె ఆ మాటకు అవునని గానీ కాదని గానీ అనలేదు. అతనూ అడగలేదు. అడక్కుండా ప్రతి ఆదివారం ఒకే బస్సుకు వచ్చేవాడు.

ఏడో నెలలో సిగ్నల్ వెలిగింది. దాటేచోట రోడ్డు ఎత్తు పెంచి, తెల్లగా గీతలు వేసి, రోడ్డు మధ్యలో ఆగడానికి దిమ్మె కట్టారు. మొదటి ఉదయం ఆసుపత్రి వైపు ఆమె, వెనక తండ్రి. అవతల బస్టాపులో అతను.

వాహనాలకు ఎర్ర లైటు పడింది. ఆరు వరసలూ ఆగాయి. ఇటు వైపు జనం మాత్రం కదల్లేదు. ఇన్నేళ్ళ అలవాటు, ఆగినవాటిని నమ్మబుద్ధి కాలేదు ఎవరికీ.

"వెళ్ళమ్మా, ఆగారుగా," అన్నాడు డ్రైవర్.

ఆమె అడుగు వేసింది. అటు నుంచి అతను వేశాడు. మధ్యలో దిమ్మె మీద ఎదురుపడ్డారు. సన్నగా తుంపర మొదలైంది.

"వన్‌వే కాదు," అంది ఆమె చివరికి.

"ఏమిటి?"

"ఇంకోసారి చెప్పను. రికార్డులో రాసుకోండి."

అతను రాసుకోలేదు. ఆమె వంకే చూస్తూ ఉండిపోయాడు. వెనక నుంచి కర్ర దిమ్మె మీద రెండుసార్లు టకటకలాడింది.

"మిగతా మాటలు అవతలకెళ్ళి చెప్పుకోండి నాయనా. వెనక జనం ఉన్నారు, లైటు మారుతోంది."